రేకుల కప్పు: కారినా, తుప్పు పట్టినా, గాలికి లేచినా

తితలీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నాలుగు రోజుల తర్వాత కప్పుల పని మీద ఉద్దానంలో ఒక ఊరికి వెళ్లాను. పక్కపక్కనే రెండు ఇళ్లు. రెండింటికీ ఒకే దుకాణంలో కొన్న నీలిరంగు రేకులే. ఒక ఇంటి కప్పు చెక్కుచెదరలేదు. రెండో ఇంటి కప్పు వెనుక కొబ్బరి తోటలో బోర్లా పడి ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే రేకులు చిరగలేదు, స్క్రూలు ఊడలేదు. రేకులను బిగించిన ఇనుప పైపులే వాటితో పాటు లేచి వచ్చేశాయి. ఒక పైపు చివర సగం ఇటుక, పిడికెడు సిమెంటు ఇంకా అంటుకుని ఉన్నాయి.

అందుకే "ఏ రేకు మంచిది?" అని అడిగినవారికి రేకు పేరు చెప్పి ఊరుకోలేను. దాన్ని దేనికి బిగిస్తారు, దేనితో బిగిస్తారు, సముద్రానికి ఎంత దూరంలో ఉన్నారు అని ఎదురు అడుగుతాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో నేను తరచుగా చూసే లోపాలు, వాటి మూలం, సరిదిద్దే పద్ధతి కింద రాస్తున్నాను. ఇల్లు కట్టుకోబోయేవారు కొనడానికి ముందే చదివితే మరీ మంచిది. ఈ లోపాల్లో చాలావాటికి బీజం దుకాణంలోనే పడుతుంది.

వానకు కారుతోంది

కారే చోటు, నీరు దిగే చోటు సాధారణంగా ఒకటి కావు. పైన ఎక్కడో దిగిన చుక్క పైపు వెంట నాలుగైదు అడుగులు జారి, వెల్డింగు గడ్డ తగిలిన చోట కింద పడుతుంది. కాబట్టి తడి కనబడిన చోట పైకెక్కి తారు పూయడం వృథా. వాన లేని రోజున ఒకరు లోపల సుద్దముక్కతో నిలబడండి, ఇంకొకరు పైన గొట్టంతో నీళ్లు వదలండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. ఒక్కో చోట పది నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు కప్పంతా తడిపేస్తుంది, ఏ రంధ్రం దోషమో తేలదు. పైకి ఎక్కేవారు స్క్రూల వరుస మీదే, అంటే కింద పైపు ఉన్న చోటే అడుగు వేయాలి. తడిసిన రేకు మీద నడవవద్దు.

ఎక్కువ ఇళ్లలో దోషం స్క్రూ దగ్గరే దొరుకుతుంది. స్క్రూ తల కింద ఉండే నల్లటి వాషరును చూడండి. అది తల చుట్టూ కొద్దిగా ఉబ్బినట్టు కనబడితే బిగింపు సరిగ్గా ఉన్నట్టు. పూర్తిగా చితికి బయటికి పొంగిందంటే అతిగా బిగించారు. వేలితో తిప్పితే తిరుగుతోందంటే చాలలేదు. చవక వాషరు రెండు మూడు ఎండాకాలాలకే బిగుసుకుపోయి చిట్లుతుంది. ఈపీడీఎం రబ్బరు వాషరు అడగండి. గోరుతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. స్క్రూ వంకరగా దిగి ఉంటే దాన్ని తీసేసి, అదే రంధ్రంలో ఒక సైజు లావు స్క్రూ కొత్త వాషరుతో బిగించాలి. పాత స్క్రూ చుట్టూ సందులు మూసే సిలికాన్ జిగురు పూస్తే ఒక వానాకాలం గడుస్తుంది, అంతే.

రెండో కారణం వాలు చాలకపోవడం. మేడ మీద వేసే రేకుల షెడ్డులో ఇది ఎక్కువ. ఎత్తు ఎక్కువైతే పక్కింటివారు ఏమంటారోనని, ఖర్చు తగ్గుతుందని దాదాపు చదునుగా వేసేస్తారు. పది అడుగుల పొడవుకు కనీసం ఒక అడుగు తొమ్మిది అంగుళాల వాలు ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఈదురుగాలికి నీరు వెనక్కి ఎగదన్ని, రేకు మీద రేకు ఎక్కిన సందులోంచి లోపలికి వస్తుంది. కప్పు ఎత్తు మార్చే వీలు లేకపోతే, ఆ సందుల్లో బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) పెట్టి మళ్లీ బిగించడం ఒక్కటే దారి. పై రేకు కింది రేకు మీదికి ఆరు అంగుళాలు ఎక్కాలి, వాలు తక్కువైన చోట ఎనిమిది.

మూడోది గోడ, రేకు కలిసే చోటు. మన మేస్త్రీలు అక్కడ అలవాటుగా సిమెంటు పూస్తారు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సిమెంటుకు ఆ గుణం లేదు కాబట్టి ఏడాదిలోపే పగులుతుంది. పైగా పచ్చి సిమెంటులోని క్షారం రేకు పైపూతలోని అల్యూమినియాన్ని, జింకును తినేస్తుంది. కారడం ఆపడానికి పూసిందే తుప్పుకు దారి తీస్తుంది. గోడలో గాడి కొట్టి, మడిచిన రేకుపట్టీ ఒక అంచు అందులో దూర్చి, రెండో అంచు కప్పు మీదికి దించాలి. గాడిని న్యూట్రల్ సిలికాన్‌తో మూయాలి. తెరవగానే వెనిగర్ లాంటి పుల్లని వాసన కొట్టే సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం కూడా పూతను తింటుంది.

తుప్పు పడుతోంది

ఎక్కడ పడుతోందో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

రేకు కోసిన అంచు వెంట గోధుమ రంగు గీత, దాని చుట్టూ సూది మొనలంత మచ్చలు కనబడితే గ్రైండరుతో కోశారన్నమాట. నిప్పురవ్వలుగా ఎగిరే ఇనుప రజను రంగు మీద పడి అతుక్కుంటుంది. మొదటి వానకు అదే తుప్పు పడుతుంది. కోసిన అంచు దగ్గర పూత కాలిపోతుంది కూడా. రేకును కత్తెరతోగానీ, కొరికే యంత్రంతోగానీ కోయాలి. స్క్రూలు దించేటప్పుడు రాలిన రజనును ఆ సాయంత్రమే మెత్తని చీపురుతో ఊడ్పించండి. రేకులు పరిచాక వాటి మీద వెల్డింగు చేయనివ్వకండి.

కొనితెచ్చిన కట్టలోనే తెల్లటి పొడి కనబడుతోందా? రేకుల మధ్య తడి చిక్కుకుంది. రంగు లేని జింకు రేకుల్లో ఇది మరీ ఎక్కువ. పొడి తుడిస్తే పోయి కింద మెరుపు ఉంటే వాడుకోవచ్చు. గరుకుగా నల్లబడి ఉంటే తిప్పి పంపండి. ఇంటి దగ్గర కట్టను నేల మీద పెట్టకుండా, ఒక వైపు ఎత్తుగా, గాలి ఆడేలా దిమ్మెల మీద ఉంచాలి. ప్లాస్టిక్ పొర అంటించి వచ్చిన రేకులకు ఆ పొరను బిగించే రోజే ఒలిచేయాలి. ఎండకు అతుక్కుపోయాక అది రాదు.

ఏసీ నీరు కారే చోట మాత్రమే తుప్పు ఉంటే రాగి గొట్టం మీద నుంచి జారే నీటిని అనుమానించండి. గొట్టం పెట్టి ఆ నీటిని పక్కకు మళ్లిస్తే చాలు.

సముద్రం దగ్గర ఇళ్ల సంగతి వేరు. కవిటి వైపు ఒక ఇంట్లో కప్పు పైభాగం కొత్తదానిలా ఉంది, చూరు అడుగు భాగం మాత్రం పొక్కులు లేచి రాలుతోంది. ఇంటావిడ రేకు నాసిరకమని బాధపడుతున్నారు. చూరు కింద వేలితో రాసి నాలుక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు. పైభాగాన్ని ప్రతి వానా కడుగుతుంది. చూరు అడుగున వాన తగలదు కాబట్టి గాలి తెచ్చిన ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. మూడు నాలుగు నెలలకొకసారి మంచినీళ్లతో చూరు అడుగు కడగడమే దీనికి మందు. వానాకాలం అయిపోయాక, డిసెంబరు నుంచి జూన్ దాకా ఈ పని తప్పనిసరి. కప్పు పల్లాల్లో చేరిన జీడి ఆకులను కూడా అప్పుడే తీయించండి. తడి ఆకు కింద రేకు ఆరదు.

గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు, సోంపేట, భోగాపురం, పూసపాటిరేగ తీరాల్లో కొత్తగా వేయించేవారు రంగు కన్నా ముందు పూత అడగాలి. ఉక్కు మీద ఎక్కువగా రెండు రకాల పూతలు వస్తాయి. ఒకటి ఉత్త జింకు. ఇంకొకటి గాల్వాల్యూమ్, ఇందులో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. ఉప్పుగాలికి ఇంటి కప్పు మీద రెండోదే ఎక్కువ కాలం నిలుస్తుంది. దాని మీద ఏజడ్ 150 అని రాసి ఉంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత అని అర్థం. అదే రంగులో, అదే మెరుపుతో 70 గ్రాముల రేకు కూడా దొరుకుతుంది. కంటికి తేడా తెలియదు, ధరలో తెలుస్తుంది. మంచి కంపెనీ రేకు అడుగున పేరు, మందం, పూత వరుసగా అచ్చువేసి ఉంటాయి. రంగు వేసిన జింకు రేకుకు ఐఎస్ 14246, రంగు వేసిన గాల్వాల్యూమ్ రేకుకు ఐఎస్ 15965 ప్రమాణాలు (ఐఎస్ అంటే ఇండియన్ స్టాండర్డ్). అచ్చు లేని రేకును సముద్రం పక్కన వేయవద్దు.

పశువుల శాలకు మాత్రం గాల్వాల్యూమ్ వద్దు. పేడ, మూత్రం నుంచి లేచే అమోనియా అల్యూమినియం పూతను అడుగు నుంచి తినేస్తుంది. శాలకు పెంకు కప్పు ఉంటే దాన్నే ఉంచుకోండి.

అడుగు వేస్తే సొట్ట పడుతోంది, గాలికి తపతపా కొట్టుకుంటోంది

రేకు పలుచన, లేదా కింద పైపుల ఎడం ఎక్కువ. అర మిల్లీమీటరు రేకుకు పైపులు నాలుగు అడుగులకు మించిన ఎడంలో ఉండకూడదు. ఎడం ఎక్కువైతే మధ్యలో ఇంకో పైపు వేయించి స్క్రూలు దించితే చప్పుడు ఆగుతుంది. పలుచనిదైతే చేయగలిగింది తక్కువ.

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే, కొంచెం వివరంగా చెబుతాను. "అర ఎం.ఎం." అన్నప్పుడు అది ఉక్కు మందమా, పూత, రంగు కలిపిన మందమా అని అడగాలి. ఏజడ్ 150 పూత రెండు వైపులా కలిపి 0.04 మిల్లీమీటర్లు, రంగు మరో 0.03. అంటే అన్నీ కలిపి 0.50 అన్న రేకులో ఉక్కు 0.43 మాత్రమే. ఇందులో తప్పు లేదు, చెప్పి అమ్మితే. మిల్లీమీటర్లకు బదులు గేజి అనే నంబరు చెప్పి 0.40 రేకును 0.50గా అంటగట్టడం తప్పు. వేలితో నొక్కి చూస్తే ఈ తేడా తెలియదు, కాటా మీద తెలుస్తుంది. 1,220 మిల్లీమీటర్ల వెడల్పు చుట్ట నుంచి తీసిన పది అడుగుల రేకు, 0.50 అయితే 13 కిలోలకు అటూఇటుగా తూగుతుంది. 0.40 అయితే 10 కిలోల చిల్లర. 0.35 అయితే 9. నేను కొనేటప్పుడు కట్టలోంచి నాకు నచ్చిన రేకు ఒకటి లాగి తూయిస్తాను. బిల్లులో మందం, పూత, ప్రమాణం మూడూ రాయమంటాను.

లోపల వేడి, తెల్లవారితే చుక్కలు

రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోలేకపోవడం మామూలే, కానీ తగ్గించుకోవచ్చు. తెలుపు, లేత రంగులు ఎండను తిప్పికొడతాయి, ముదురు నీలం, ఎరుపు పీల్చుకుంటాయి. కప్పు కొప్పు (వాలులు కలిసే పై అంచు) దగ్గర గాలి పోయే సందు, చూరు దగ్గర గాలి వచ్చే సందు ఉండాలి. ఆ రెండూ లేకుండా ఫాల్స్ సీలింగు ఒక్కటే వేయిస్తే వేడి గాలి పైన చిక్కుకుని రాత్రంతా దిగుతుంది. రేకులు పరిచేటప్పుడే కింద మెరిసే పలుచని రేకు అంటించిన గాలిబుడగల పొర వేయిస్తే వేడి, వాన చప్పుడు రెండూ తగ్గుతాయి.

సంక్రాంతి నెలలో వాన లేకుండానే తెల్లవారుజామున పక్క మీద చుక్కలు పడితే అది కారడం కాదు. వంట ఆవిరి, ఊపిరి చల్లని రేకుకు తగిలి నీరవుతున్నాయి. పొయ్యి పైన పొగ పోయే దారి, కొప్పు సందు తెరిస్తే తగ్గుతుంది.

గాలికి లేచింది

మన తీరానికి భవనాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం లెక్కించే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తితలీ తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150, ఉండి ఉండి 165 కిలోమీటర్లతో వీచింది. సెకనుకు 50 మీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. రేకు బరువు చదరపు మీటరుకు నాలుగు కిలోలు. గాలి కప్పును పైకి పీలుస్తుంది, అంచుల్లో, మూలల్లో మరీ గట్టిగా.

రేకు మాత్రమే ఊడి, పైపులు మిగిలితే దోషం స్క్రూలది. చూరు, కొప్పు, రెండు పక్క అంచుల వెంట రేకులోని ప్రతి మిట్టకూ స్క్రూ ఉండాలి, అక్కడ పైపుల ఎడం మూడు అడుగులకు తగ్గాలి. చూరు గోడ దాటి అడుగున్నర కన్నా ముందుకు రాకూడదు. నాలుగు వైపులా వాలు ఉండి, పది అడుగులకు నాలుగు నుంచి ఆరు అడుగులు లేచే కప్పును గాలి తక్కువగా పీలుస్తుంది.

పైపులతో సహా లేస్తే దోషం గోడది. ఇటుక సందులో దూర్చి సిమెంటు కుక్కిన పైపు పట్టు ఇవ్వదు. గోడల మీద ఇంటి చుట్టూ కాంక్రీటు బెల్టు పోసి, అందులోనే బోల్టులు నిలబెట్టి, వాటికి పైపులను నట్లతో బిగించాలి. బెల్టు కడ్డీలు మూలల్లో స్తంభాల కడ్డీలతో కలవాలి. ఏటా సెప్టెంబరులో, తుపానుల కాలానికి ముందు, ఆ నట్లకు ఒకసారి పానా వేసి చూడాలి.

ఉద్దానంలో కప్పు పోయిన ఇంటివారు ముందు ఆ బెల్టే పోయించారు. చేతిలో ఉన్న డబ్బు దానికే సరిపోయింది. రేకులు సంక్రాంతి వెళ్లాక వచ్చాయి. అప్పటిదాకా ఆ కుటుంబం టార్పాలిన్ కిందే ఉంది.