వీధిలో వదిలేసిన బండిని తీయించాలంటే

మీ వీధిలో ఏదైనా కారు టైర్లలో గాలి దిగిపోయి, అద్దం మీద ఆకులు పేరుకుని నెలల తరబడి కదలకుండా ఉంటే ఊరుకోకండి. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని తీయించే అధికారం ఆ ప్రాంత పోలీసులకు ఉంది. టోయింగ్ ఖర్చు యజమానిదే.

నంబరు ప్లేటు, టైర్లు, పక్కనున్న కరెంటు స్తంభం కనపడేలా ఫొటో తీయండి. వారం ఆగి అదే చోటు నుంచి ఇంకొకటి తీస్తే బండి కదల్లేదని తెలిసిపోతుంది. ఫోన్లో చెప్పడం కన్నా, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోవడమే నయం. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ గడువు తెలుస్తుంది, అదీ రాయండి.

ప్లేటు లేని బండి అయితే మాత్రం ముట్టుకోవద్దు. దొంగ బండి కావచ్చు, వెంటనే 112కి ఫోన్ చేయండి.