దుబాయ్‌లో నెట్‌వర్క్ ఇంజనీర్లుగా చేరబోతున్న సిక్కోలు, విజయనగరం యువతకు

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు టెక్కలి, రాజాం, విజయనగరం కాలేజీల్లో చదివినవారు నెట్‌వర్క్ ఉద్యోగాలకు కూడా వస్తున్నారు. పరీక్షలు రాసి వచ్చే మీకు కమాండ్లు వచ్చు, ఆ విషయంలో నాకు బెంగ లేదు. ఇక్కడ మనిషిని నిలబెట్టేవి పని అలవాట్లు.

ఊళ్లో ఉండగానే ముగించాల్సినవి కొన్ని ఉన్నాయి. డిగ్రీ పట్టాకు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించుకోండి. ఏజెంటు పేరు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లోని గుర్తింపు పొందిన ఏజెంట్ల జాబితాలో ఉందేమో చూడండి. గుర్తింపు ఉన్న ఏజెంటైనా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ‘ముందు విజిట్ వీసా మీద వచ్చి పనిలో చేరండి, తర్వాత మారుస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం, పట్టుబడితే నష్టపోయేది మీరే.

చేరిన కొత్తలో పరికరాల జోలికి తొందరపడి వెళ్లకండి. పరికరాలు అమర్చిన ర్యాకుల ముందు నిలబడి ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూసి రాసుకోండి. పాత నెట్‌వర్క్ పటంలో ఉన్నదానికీ కళ్లెదుట ఉన్నదానికీ చాలాచోట్ల పొంతన ఉండదు. తేడా కనిపించినప్పుడు పటాన్ని సరిచేసి, కేబుల్‌కు రెండు చివర్లా చీటీ అంటించండి. పెద్ద గోదాముల్లో రాగి కేబుల్ 100 మీటర్లు దాటిందేమో కొలిచి చూడండి. అంతకు మించితే ఒక రోజు పని చేసి మరో రోజు చేయని లింకులు తయారవుతాయి, వాటి మూలం వెతకడానికే రోజులు పడుతుంది.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది మార్పులు చేసే పద్ధతి గురించి. ఒకే నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా చేస్తే ఒక్కో భాగం ఒక వీల్యాన్; పలు వీల్యాన్లను ఒకే కేబుల్ మీద మోసేది ట్రంక్ పోర్టు. ఒక సిస్కో స్విచ్‌లో ట్రంక్ పోర్టు మీదుగా 10, 20, 30 నంబర్ల వీల్యాన్లు పోతున్నాయనుకోండి. కొత్తగా 40 కలపాలి. అనుమతించే కమాండ్‌లో ‘యాడ్’ అన్న మాట మరిచిపోతే 40 ఒక్కటే మిగిలి, ఉన్న మూడూ ఆగిపోతాయి. మీరు దూరం నుంచి లాగిన్ అయింది ఆ మూడింటిలో ఒకదాని మీదుగానైతే, సరిదిద్దడానికి మీకూ దారి ఉండదు. అందుకే ముందు కాన్ఫిగరేషన్ (స్విచ్‌లోని అమరికలు) బ్యాకప్ తీసి, ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి ఉంచండి. సంబంధం తెగితే పది నిమిషాలకు స్విచ్ తనంతట తాను రీస్టార్ట్ అయి, సేవ్ చేసి ఉన్న పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే రీలోడ్‌ను రద్దు చేసి, ఆ తర్వాతే సేవ్ చేయండి. ఈ వరుస తప్పకూడదు.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయింది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌నే తెంపింది. దూరం నుంచి చేరే దారి పోవడంతో ఇంజనీర్లు డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది, అక్కడ లోపలికి అడుగుపెట్టడానికీ సమయం పట్టింది. పరికరానికి నేరుగా తగిలించి పని చేసే కన్సోల్ కేబుల్, సర్వర్ గది తాళం ఎవరి దగ్గర ఉన్నాయో పని మొదలుపెట్టే ముందే తెలుసుకోమనేది ఇందుకే.

పై అధికారి అడిగితే ‘కాదు’ అనడానికి మనవాళ్లు మొహమాటపడతారు. తెలియకపోయినా ‘అయిపోతుంది సార్’ అనేస్తారు. ఈ వృత్తిలో అది హాని చేస్తుంది. ఏది ఆగింది, ఎప్పటినుంచి, ఎవరికి ఇబ్బంది, మళ్లీ ఎన్నింటికి కబురు చెబుతారు — ఈ నాలుగూ చెప్పండి. కారణం ఇంకా దొరకలేదనడం అవమానం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఫోన్లు కలవక, ఉద్దానంలో ఇంటివాళ్లు ఎలా ఉన్నారో తెలియక బయట ఊళ్లలో ఉన్నవారు ఎంత తల్లడిల్లారో మనకు తెలుసు. లింకు ఆగినప్పుడు అవతల వేచి ఉన్నవారికి ఒక్క కబురు ఎంత అవసరమో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక ఇంటికి ఫోను. వాట్సాప్‌లో సందేశాలు వెళ్తాయి గానీ కాల్స్ సాధారణంగా కలవవు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌ను అమ్మానాన్నల ఫోనులో ఊళ్లోనే పెట్టించి, వాడటం చూపించి రండి. కాల్స్ కోసం వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మన దారిని దాచే సాధనం) జోలికి పోవద్దు. ఆఫీసు పనికి కంపెనీ ఇచ్చినది వేరే సంగతి. నేరానికి వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది.

దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఇక్కడ రాత్రి ఒంటిగంటకు మార్పు మొదలుపెడితే శ్రీకాకుళంలో రెండున్నర. రాత్రి పని ఉన్న వారం ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. లేకపోతే మీరు పగలు నిద్రపోతున్నప్పుడు ఫోను ఎత్తలేదని వాళ్లు కంగారుపడతారు.