ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే పనిలోకి దిగే ముందు జాగ్రత్తలు

మొదటి కస్టమర్‌ను సైట్‌కి తీసుకెళ్లక ముందే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంట్ రిజిస్ట్రేషన్ మీ చేతిలో ఉండాలి. 2016 నాటి రెరా చట్టం ఫలానా డిగ్రీ ఉండాలని అడగదు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా రెరాలో నమోదైన ప్రాజెక్టులో అమ్మకం కుదిర్చితే రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది. అది పెరుగుతూ ఆ ప్లాట్ లేదా ఫ్లాట్ విలువలో 5 శాతం దాకా వెళ్లొచ్చు.

రిజిస్ట్రేషన్ చెల్లేది తీసుకున్న రాష్ట్రంలోనే. తెలంగాణ నంబరుతో విజయవాడలో అమ్మించకూడదు, అక్కడ విడిగా తీసుకోవాలి. మహారాష్ట్రలో అయితే శిక్షణ, పరీక్ష కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ప్రీలాంచ్ గురించి, అంటే ప్రాజెక్టుకు రెరా అనుమతి రాకముందే అమ్మడం గురించి. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా నంబరు రాకముందు అమ్మకూడదు, అమ్మించకూడదు. కమీషన్ ఎంత ఊరించినా ఒప్పుకోవద్దు. కొనేవాళ్లు జీవితాంతం దాచుకున్న డబ్బు అది, మీ మొహం చూసి ఇస్తారు. బ్రోచర్‌ను నమ్మకుండా రెరా వెబ్‌సైట్‌లో నంబరు మీరే వెతికి చూడండి.

అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ 10 శాతం కన్నా ఎక్కువ తీసుకోకూడదు. ఈ మాట కస్టమర్‌కు ముందే చెప్పండి.

లేని క్లబ్‌హౌస్, రాని రోడ్డు ఉన్నాయని చెప్పొద్దు. లెక్కల పుస్తకాలు మొదటి రోజు నుంచే రాయండి. కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.