మూలకణాలు ఎవరివి సరిపోతాయి? దాతను ఎంచుకునే పద్ధతి

తలసేమియాకో, అప్లాస్టిక్ అనీమియాకో, బ్లడ్ క్యాన్సర్‌కో మూలకణాల (బోన్ మ్యారో) ట్రాన్స్‌ప్లాంట్ చేయాలని డాక్టర్ చెప్పగానే చుట్టాలంతా బ్లడ్ గ్రూపులు చూసుకోవడం మొదలుపెడతారు. గ్రూపు కలవకపోయినా ట్రాన్స్‌ప్లాంట్ చేయొచ్చు. తర్వాత పేషెంట్ గ్రూపే దాత గ్రూపుకు మారిపోతుంది. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తులు. ఇవి అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇది. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు పేషెంట్‌కు రక్తం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎక్కించినా, కరీంనగర్‌లో ఎక్కించినా, ఆ రక్తం అమ్మానాన్నలదో తోబుట్టువులదో కాకూడదు. ‘మనోళ్ల రక్తమైతే మంచిది’ అనుకుంటారు గానీ, దానికి వ్యతిరేకంగా పేషెంట్ ఒంట్లో యాంటీబాడీలు తయారైతే రేపు అదే మనిషి ఇచ్చిన మూలకణాలు నిలబడవు. బ్లడ్ బ్యాంకులో తెల్లకణాలు వడగట్టిన, రేడియేషన్ ఇచ్చిన రక్తం దొరుకుతుందేమో అడగండి.

టెస్టు మొదట సొంత అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు. ఒక్కొక్కరికి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. ఇద్దరుంటే ఎవరో ఒకరు కలిసే అవకాశం 44 శాతం దాకా. ఊదా మూత ట్యూబులో కొద్దిగా రక్తమో, బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన శాంపిలో చాలు. ఏ, బి, సి, డీఆర్‌బీ1, డీక్యూబీ1 అనే ఐదు జతల హెచ్‌ఎల్‌ఏ జన్యువులు చూస్తారు, 10కి 10 రావాలి. చిన్న తేడాలూ పట్టే హై రిజల్యూషన్ టెస్టే చేయించండి. అమ్మానాన్నల శాంపిళ్లూ కలిపి పంపితే ఏ సగం ఎవరి నుంచి వచ్చిందో తేలుతుంది.

మామూలుగా తల్లిదండ్రులు సగమే కలుస్తారు. మేనరికం చేసుకున్న ఇళ్లలో మాత్రం తల్లో తండ్రో పూర్తిగా కలవొచ్చు. మేనమామ, మేనత్త పిల్లలకూ టెస్టు చేయించడం అక్కడ దండగ కాదు. మిగతా ఇళ్లలో డాక్టర్ చెప్పేదాకా అంతమందికి డబ్బు పోయకండి.

ఇద్దరు ముగ్గురు కలిస్తే చిన్న వయసువాళ్లు మేలు. తర్వాత చూసేది సీఎంవీ అనే వైరస్ టెస్టు, ఆడవాళ్లైతే కాన్పులయ్యాయా లేదా అన్నది. బ్లడ్ గ్రూపు ఆఖరున. తలసేమియా మైనర్ (జబ్బు లేకుండా ఒక్క జన్యువులోనే లోపం) ఉన్న తమ్ముడైనా ఇవ్వొచ్చు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు సికిల్‌సెల్ పేషెంట్ల ఇళ్లలోనూ అంతే, ట్రెయిట్ (ఒక్క జన్యువులోనే లోపం) మాత్రమే ఉంటే అడ్డు కాదు. జబ్బే ఉన్నవాళ్లు పనికిరారు, అందుకే ఈ ఇళ్లలో దాతకు హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూపించే రక్తపరీక్ష) తప్పనిసరి.

ఇంట్లో ఎవరూ కలవకపోతే డాక్టర్ల ద్వారా దాత్రి, డీకేఎంఎస్ లాంటి మూలకణ దాతల రిజిస్ట్రీల్లో వెతికిస్తారు. ఆగే టైం లేకపోతే సగం కలిసిన తల్లిదండ్రులో పిల్లలో ఇస్తారు. దానికి ముందు పేషెంట్ రక్తంలో ఆ దాత మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూడాలి.

దాతకు నాలుగైదు రోజులు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు (మూలకణాలను రక్తంలోకి తెచ్చే మందు) ఇచ్చి, మెషీన్‌తో నాలుగైదు గంటలు రక్తం నుంచి మూలకణాలు సేకరిస్తారు. ఎముకల నొప్పులకు పారాసిటమాల్ ఇస్తారు. మూలుగే తీయాల్సివస్తే మత్తిచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు, వెన్నుపాము జోలికి పోరు. పెళ్లైన అక్క దాతైతే అత్తగారింటివాళ్ల ముందు కాకుండా ఆమెను ఒక్కదాన్నే అడగండి. వద్దనాలనుకుంటే పేషెంట్‌కు కీమో మొదలవకముందే అనాలి. కీమోతో పేషెంట్ మూలుగ ఖాళీ అవుతుంది కాబట్టి, ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే పేషెంట్ ప్రాణం మీదికొస్తుంది.