చర్చి ఆరాధనకు ఏ పాట, ఏ బాణీ?

స్టైల్ గురించి గొడవపడే ముందు పాటలోని మాటల్ని సంగీతం లేకుండా గట్టిగా చదవండి. వాటిలో పస లేకపోతే బాణీ ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. వాయిద్యాలు లోకసంబంధం అనేవాళ్లకు బైబిల్లో 150వ కీర్తన చూపించండి, బూర, తంబుర, మోగే తాళాలు అన్నీ ఉన్నాయక్కడ.

అసలు చిక్కు శ్రుతితోనే. రికార్డింగ్‌లో గాయకుడు పాడిన శ్రుతిలోనే ఎత్తుకుంటే, చరణం పైకి వెళ్లేసరికి సంఘమంతా నోరు మూసుకుని స్టేజీ వైపు చూస్తూ ఉండిపోతుంది (నేనూ చేశానీ పని), కాబట్టి ఒకటి రెండు మెట్లు దించండి. ప్రభురాత్రి భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే వేళకు, నెమ్మదైన పాట పెట్టండి. కొత్త పాట ఒక్కటే తీసుకుని మూడు నాలుగు ఆదివారాలు వరుసగా పాడించండి. పక్కవాళ్ల గొంతు వినపడకపోతే మాత్రం సౌండ్ తగ్గించాల్సిందే, డ్రమ్స్ వాయించేవాళ్లు అలిగినా సరే.