7,20,720 లాంటి పెద్ద సంఖ్యను విడదీసి చూడడం ఎలా?

పెద్ద సంఖ్య గుణాలు తెలియాలంటే ముందు దాని ప్రధాన కారణాంకాలు రాబట్టాలి. 2, 3, 5లతో మొదలుపెట్టి భాగిస్తూ పోవచ్చు గానీ, ఆరు అంకెలున్నప్పుడు ముందు 1001 పరీక్ష పెట్టడమే మేలు. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక గుంపును కలుపుతూ, తర్వాతిది తీసివేస్తూ రండి: 720 − 720 = 0. సున్నా వచ్చిందంటే సంఖ్య 1001తో శేషం లేకుండా పోతుంది; 1001 = 7 × 11 × 13 కాబట్టి ఆ మూడింటితోనూ పోతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లక్షల కామా దగ్గర కూడా విడగొట్టేస్తారు. కామాలు తీసేసి 720|720 అని రాసుకోండి. తేడా సున్నా కాకపోతే ఆ తేడానే పరీక్షించాలి: 7,20,727కు తేడా 7, అంటే 7తో పోతుంది, 11, 13లతో పోదు.

7,20,720 = 720 × 1001. ఇందులో 720 = 2⁴ × 3² × 5. మొత్తంగా 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

కారణాంకాలెన్నో తెలియాలంటే ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించండి: 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. పైన ఏమీ రాయని 5, 7, 11, 13ల ఘాతాంకం 1 అని మరిస్తే జవాబు 15 దగ్గరే ఆగిపోతుంది. బేసి ఘాతాంకాలున్నాయి గనుక ఇది పరిపూర్ణ వర్గం కాదు. 5005తో గుణిస్తే 60,060కి వర్గమవుతుంది.

దీని అసలు అందం వేరే ఉంది. 1 నుంచి 16 వరకు అన్ని సంఖ్యలతోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య ఇదే. 17తో భాగిస్తే మాత్రం 5 మిగులుతుంది.