రా ఫోటో నుంచి ఎస్‌వీజీజెడ్ దాకా, 4వ పాఠం: ఫైల్లోనే ఉండిపోయిన ఫోటో

మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన ఫైళ్లు తెరిచి చూశాను. ఈసారి రంగులను విడదీయడం చెప్పాల్సి ఉంది, దాన్ని వాయిదా వేస్తున్నాను. అమరావతి మ్యూజియంలోని పద్మఫలకం (పద్మం చెక్కిన సున్నపురాయి పలక) ఫోటోను చాలామంది ఎస్‌వీజీజెడ్‌గా (బొమ్మను గీతలుగా దాచే ఎస్‌వీజీ ఫైలుకు కుదించిన రూపం) మార్చి పంపారు గానీ, వాటిలో ఫోటో ఫోటోగానే ఉంది. గుంటూరు పాఠకుడొకరు తన ఫైలును స్టిక్కర్ల దుకాణానికి పట్టుకెళితే కటింగ్ మిషన్ బ్లేడు కదలనే లేదట. ఎలా కదులుతుంది? బ్లేడు నడవడానికి గీత కావాలి. ఆ ఫైల్లో ఉన్నవి పిక్సెళ్లు.

రా ఫైలును (కెమెరా దిద్దకుండా దాచిన ఫోటో) డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఫోటో సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదానిలో తెరిచి, నలుపు తెలుపు చేసి, 8 బిట్ల పీఎన్‌జీ ఫోటోగా తీయడం మీకు వచ్చేసింది కాబట్టి మళ్లీ చెప్పను. నాయిస్ (ఫోటోలోని గింజల్లాంటి మచ్చలు) తగ్గించడం మాత్రం మరచిపోవద్దు. లేకపోతే సున్నపురాయి గరుకుతనమంతా చుక్కలు చుక్కలుగా ట్రేసింగులోకి, అంటే ఫోటోను గీతలుగా మార్చే పనిలోకి, దిగుతుంది. నేనైతే పొడవు వైపు 2000 పిక్సెళ్లకు కుదించి తీస్తాను. ఫోటో పెద్దదైతే గీత బాగా వస్తుందన్న నమ్మకం వదులుకోండి.

ఇక అసలు తప్పు. ఇంక్‌స్కేప్ అనే గీతల బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పాత్ మెనూలోని ట్రేస్ బిట్‌మ్యాప్ నడిపినప్పుడు గీతల బొమ్మ తయారవుతుంది, కానీ అసలు ఫోటో ఎక్కడికీ పోదు. కొత్త బొమ్మ సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. అందుకే పని అయిపోయిందనుకుని సేవ్ చేసేస్తున్నారు. పై బొమ్మను పట్టుకుని పక్కకు జరపండి, కింద ఫోటో బయటపడుతుంది. దాన్ని ఎంచుకుని డిలీట్ నొక్కండి. ఆ తర్వాతే సేవ్.

కొందరు ట్రేసింగే చేయలేదు. ఫోటోను ఇంక్‌స్కేప్‌లోకి లాగి, ఎస్‌వీజీజెడ్ అని పేరు మార్చి సేవ్ చేశారు. ఫోటోను కవరులో పెట్టి అంటించినంత మాత్రాన అది ఉత్తరం కాదు. పైగా ఇందులో నష్టం కూడా ఉంది. ఎస్‌వీజీ అక్షరాల ఫైలు. దానిలో ఫోటోను ఇమడ్చాలంటే బేస్64 పద్ధతిలో ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా రాయాలి. అలా 6 ఎంబీ ఫోటో 8 ఎంబీ అవుతుంది. ఎస్‌వీజీజెడ్ అంటే అదే ఎస్‌వీజీని జీజిప్ అనే పద్ధతితో కుదించినది. ఆ కుదింపు పెరిగిన 2 ఎంబీని తగ్గిస్తుంది, అంతకుమించి తగ్గించలేదు. పీఎన్‌జీ, జేపెగ్ ముందే కుదించినవి కదా! గీతల సంగతి వేరు. అవి వరుసగా రాసిన అంకెలు, జీజిప్‌కు బాగా లొంగుతాయి.

పంపేముందు ఇలా పరీక్షించుకోండి. వ్యూ మెనూలోని డిస్‌ప్లే మోడ్‌లో అవుట్‌లైన్ పెట్టండి. ఎర్ర గీతల ఇంటూ గుర్తుతో దీర్ఘచతురస్రం కనిపిస్తే ఫోటో ఇంకా ఉన్నట్టే. లేదా కుదించని ఎస్‌వీజీగా సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. గీతలను చెప్పే పాత్ ట్యాగులు (<path) ఉండాలి, ఫోటోను చెప్పే ఇమేజ్ ట్యాగు (<image) ఉండకూడదు. నేను రెండో పద్ధతినే నమ్ముతాను.

పద్మం రేకులు అతుక్కుపోయాయని అడిగినవారికి: ట్రేసింగులో, ఎంత ముదురు భాగం నలుపు కావాలో చెప్పే బ్రైట్‌నెస్ కటాఫ్ మొదట 0.450 దగ్గర ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ రేకుల మధ్య తెల్లటి సందు తెరుచుకునే చోట ఆపండి. మరీ తగ్గిస్తే మధ్య బొడ్డు చుట్టూ ఉన్న సన్న గీతలు తెగిపోతాయి. గీతలను సాపు చేసే సింప్లిఫై మాత్రం వాడకండి, రేకుల మొనలు మొద్దుబారతాయి.

అభ్యాసం: మంగళగిరి చీరలో గోపురాల వరుస ఉన్న నిజాం అంచును నీడపట్టున, ఫ్లాష్ లేకుండా రా ఫోటో తీయండి. ఎండలో జరీ మెరుపు గీతను మింగేస్తుంది. ఒక్క గోపురాన్నే ట్రేస్ చేయండి. మిగతావి ఆల్ట్ పట్టుకుని డి నొక్కి క్లోన్లుగా (అసలు బొమ్మనే మళ్లీ చూపే నకళ్లు) పేర్చి, గజం అంచు పూర్తి చేయండి. డూప్లికేట్ చేస్తే కుదరదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గోపురం పాత్ ఒక్కసారే ఉండాలి, మిగిలినవన్నీ యూజ్ ట్యాగులు (<use) కావాలి. ఎస్‌వీజీ, ఎస్‌వీజీజెడ్ రెండూ పంపండి.